నవ్వు లోపలుంది

అటెండరుకి ఎడమచెవి పుట్టినప్పటి నుంచీ పెడచెవే. కుడిచెవిలో పడ్డ మాట పనవుతుంది, ఎడమచెవిలో పడ్డ మాట పురాణమవుతుంది. ఈ సంగతి జనన మరణాల నమోదు ఆఫీసులో అందరికీ తెలుసు, నెల కిందట వచ్చిన కొత్త ఆఫీసరమ్మకి తప్ప. శుక్రవారం సాయంత్రం ఆవిడ గదికి తాళం వేస్తూ, అతనికి ఎడమవైపు నిలబడి, సోమవారం పదింటికి అందరినీ హాల్లోకి రమ్మనండి, టీ షర్టులిస్తాం అని చెప్పి వెళ్ళిపోయింది.

అటెండరు ఆ కబురు పట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు. సోమవారం పదింటికి హాల్లో టీ, షర్బత్తు. ఆఫీసులో ఉన్నవి అయిదు గ్లాసులు, అందులో మూడింట్లో పెన్నులున్నాయి కనక ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలని తన సొంత తెలివి కూడా కాస్త కలిపాడు. జననాల కిటికీలో కూర్చునే అక్కయ్య, రెండూ ఎందుకు, ఒకటి చాలదా అని అడిగింది. వేడి చేసినవాళ్ళకి షర్బత్తు, జలుబు చేసినవాళ్ళకి టీ అని అటెండరు వివరం కూడా ఇచ్చాడు. కొత్తావిడ మనసు మంచిదని ఆఫీసంతా ఆ సాయంత్రమే తీర్మానించేసింది.

మరణాల కిటికీలో కూర్చునే గుమాస్తాని అందరూ మడత బాబాయి అంటారు. ఆయన ప్యాంటు మడతతో కాయితం కోసుకోవచ్చని ఆఫీసులో ప్రతీతి. మడత ఉందే గాని ఆయన దగ్గర మడతపేచీ లేదు. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ, పై అధికారి మాట కాదన్న రోజు ఒక్కటీ లేదు. నాలుగు తెల్లచొక్కాలు, బూడిదరంగుదొకటీ ముదురునీలందొకటీ రెండు ప్యాంట్లు, ఒక జత నల్లబూట్లు. చూసినవాళ్ళు ఆయన బీరువా నిండా బట్టలుంటాయనుకుంటారు. బీరువా నిండా చోటుంది. తాగేది గంజి, మీసాలకి సంపెంగనూనె అన్న సామెతని ఆయన కొద్దిగా దిద్దుకున్నాడు. మీసం తీసేశాడు, గంజి చొక్కాకి పట్టించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీకి కూర్చోవడం ఆయనకి సెలవు. ముందు కాలరు, ఆపైన భుజాల పట్టీ, తరవాత చేతులు, చివరికి ఒళ్ళు. ఈ వరస తప్పితే చొక్కా అలుగుతుందంటాడు. కిటికీ పక్కన మిషను ముందు ఆయన భార్య కూర్చుని ఉంది. మెడ రాసుకుని పీచులేచిన ఒక కాలరుని బ్లేడు మొనతో కుట్లు విప్పి వేరుచేసి, నడిమధ్య గుండుసూది గుచ్చి, అరిగిన వైపు లోపలికి పెట్టి మళ్ళీ కుడుతోంది. ఈ ఇంట్లో ఏ చొక్కాకైనా ఒక జన్మ చాలదు. కాలరు ఒకసారి తిరిగితే రెండో జన్మ. అది కూడా అరిగాక చొక్కా చేతిరుమాళ్ళవుతుంది, ఆ తరవాత బూట్లు తుడిచే గుడ్డవుతుంది.

"లోకంలో అందరూ కాలరెగరేస్తారు, మా ఆయన కాలరు తిరగేస్తాడు" అని ఆవిడ దారం పంటితో తెంపింది.

రేపు టీ, షర్బత్తు ఉన్నాయట అని ఆయన చెప్పాడు. అయితే బీరువాలో పై వరసలో ఉన్న మంచి చొక్కా వేసుకోండి అని ఆవిడ సలహా ఇచ్చింది. గ్లాసు ఆయనే తోమాడు. బూటు ముక్కు మీద ఆవిరూది గుడ్డతో రుద్దినట్టే, గ్లాసు మీదా ఆవిరూది రుద్దాడు.

సోమవారం పదింటికి హాల్లో పదకొండుమంది నిలబడ్డారు, పదకొండు చేతుల్లో పదకొండు ఖాళీ గ్లాసులు. ముందు వరసలో మడత బాబాయి. ఆయన గ్లాసు మీద కిటికీ వెలుగు పడి గోడ మీద చిన్న సూర్యుడు ఆడుతున్నాడు. ఆఫీసరమ్మ లోపలికొచ్చి, ఆ గ్లాసుల్ని చూసి ఆగిపోయింది. గ్లాసుల్ని చూసింది, మూల మూడేళ్ళుగా చచ్చిపడి, నెత్తిన పూలకుండీ మోస్తున్న మంచినీళ్ళ యంత్రాన్ని చూసింది, మళ్ళీ ముందున్న గ్లాసుని చూసింది. డైరీలో ఏదో రాసుకుంది. తరవాత పెట్టె విప్పింది.

అందులో కూజా లేదు. నారింజరంగు టీ షర్టులున్నాయి. రొమ్ము మీద పళ్ళెమంత పసుపుపచ్చ ముఖం, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వు. కింద అక్షరాలు: నవ్వుతూ రండి, నవ్వుతూ వెళ్ళండి.

పదకొండుమందీ అటెండరు వైపు తిరిగారు. అటెండరు పూలకుండీ వైపు తిరిగాడు. అక్కయ్య తన గ్లాసుని మెల్లిగా పమిట చాటుకి తీసుకుంది.

ఆఫీసరమ్మ చెడ్డది కాదు. జనం ఆఫీసంటే భయపడుతున్నారని, ముఖాలు మాడ్చుకున్న గుమాస్తాల్ని చూసి వెనక్కి పోతున్నారని, ఈ చొక్కాలతో ఆ భయం పోతుందని ఆవిడ నిజంగానే నమ్మి చెప్పింది. రేపటి నుంచి కిటికీల్లో కూర్చునేవాళ్ళందరూ ఇదే వేసుకోవాలి. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు, మనకి ఇప్పుడు నాలుగు కిటికీల చేటు అని అక్కయ్య గొణిగింది. బాబాయి మాత్రం తన వంతు షర్టుని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, ఖాళీ గ్లాసుని సొరుగులో పెట్టాడు.

మంగళవారం పొద్దున దాన్ని ఇస్త్రీ చెయ్యబోతే ఇస్త్రీపెట్టె ముఖానికి అంటుకుంది. ఊడదీసేసరికి నవ్వు ఇంకో అంగుళం సాగింది. మెడ దగ్గర కాలరు లేదు, రొమ్ము మీద గుండీ లేదు. అద్దం ముందు ఆయన చేతులు అలవాటు కొద్దీ మెడకెళ్ళి, అక్కడ ఏమీ దొరక్క ఊరికే కిందికి దిగాయి. అంగీ వేసుకున్నాడు గాని అంగీకారం వేసుకోలేకపోయాడు. అయినా ఆర్డరు ఆర్డరే. షర్టుని ప్యాంటులోకి దోపుకుని, బూట్లు తుడుచుకుని బయల్దేరాడు.

ఆఫీసులో ఆ రోజు పండగలా ఉంది. ఎవరో మెకానిక్కు వచ్చి మంచినీళ్ళ యంత్రం నెత్తిన కుండీ దించి, పొట్ట విప్పి బాగుచేస్తున్నాడు. షర్బత్తు లేకపోయినా నీళ్ళిచ్చింది, మహాతల్లి అనుకున్నారు. జననాల కిటికీ దగ్గర ఒక పసిపాప అక్కయ్య షర్టు మీద ముఖాన్ని చూసి బోసినోటితో నవ్వింది. తండ్రి నవ్వాడు, వరసలో వెనకున్నవాళ్ళూ నవ్వారు. పుట్టినచోట నవ్వు బాగానే ఉంది.

పదకొండున్నరకి మరణాల కిటికీ ముందుకి వీధిమలుపులో గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. రోజంతా భూతద్దం బిగించుకోబట్టి ఆయన కుడికంటి చుట్టూ గుండ్రటి అచ్చొకటి ఉంది. చొక్కా తెల్లదే, ఉతికిందే. కాని ఒక గుండీ తప్పి పెట్టుకోవడంతో ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ వేలాడుతోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితం. కూర్చోబోతూ ఆయన బాబాయి రొమ్ము వైపు చూశాడు. చిన్న అక్షరాలు చదవడం ఆయన వృత్తి. వంగి, ఒక్కొక్క అక్షరం చదివాడు.

"నవ్వుతూ రండి" అన్నాడు, పైకే. రెండో ముక్క లోపల చదువుకున్నాడు.

కోపం రాలేదు ఆయనకి. వస్తే బాగుండేది. కవరుని మళ్ళీ చంకలో పెట్టుకుని, ఇంకోరోజు వస్తానండీ అన్నాడు, ఏదో పనికిరాని గడియారం తిరిగిచ్చేసినంత మర్యాదగా. బాబాయి లేచి నిలబడి రెండు చేతులూ రొమ్ముకి అడ్డం కట్టుకున్నాడు. కళ్ళు దాగాయి గాని నోరు దాగలేదు. మోచేతుల కింద నుంచి ఆ నవ్వు అలాగే తొంగిచూస్తోంది. గుండీ తప్పిన చొక్కా గుమ్మం దాటేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాడు. బూట్లు విప్పకుండా కూర్చున్నాడంటే విశేషం ఉందని భార్యకి తెలుసు. జరిగింది మొత్తం విన్నది. షర్టు విప్పించి, ఒళ్ళో వేసుకుని, చేత్తో నలిపి చూసింది, లోపలి వైపు తిప్పి చూసింది. లోపలి వైపు నారింజ కొంచెం వెలిసినట్టు నెమ్మదిగా ఉంది. రబ్బరు ముఖం ఛాయ కూడా ఇవతలికి కనపడటం లేదు.

"కాలరు అరిగితే ఏం చేస్తామండీ? అరిగిన వైపు లోపలికి పెడతాం. ఇదీ అంతే."

ఊరికే తిరగేసి తొడుక్కుంటే కుట్లు బయటికొచ్చి పిచ్చివాడిలా ఉంటుందన్నాడు ఆయన. ఊరికే ఎందుకు తిరగేస్తాను, నేనేమన్నా దోసె వేస్తున్నానా అని ఆవిడ బ్లేడు తీసింది. భుజాలు విప్పింది, పక్కలు విప్పింది, చేతులు ఊడదీసింది. షర్టు నాలుగు ముక్కలై చాప మీద పడింది. ఆయన పక్కన కూర్చుని, తెగిన దారప్పోగుల్ని ఒక్కొక్కటీ గోటితో ఏరాడు. ముక్కల్ని తిరగేసి, మళ్ళీ కుట్టి, ముందువైపు మెడ కింద జానెడు కత్తిరించి మూడు గుండీల పట్టీ వేసింది. రుమాళ్ళు కావడానికి సిద్ధంగా ఉన్న పాత చొక్కా కాలరొకటి తెచ్చి మెడకి అతికింది. అన్నం వేళకి అంతా అయిపోయింది. నారింజ షర్టుకి తెల్లకాలరు, తెల్లగుండీలు. దర్జాకి దర్జా, ఆర్డరుకి ఆర్డరు.

"నవ్వు మీ గుండెకి ఆనుకునుంటుంది" అంది. "చక్కిలిగింతలు పెడితే నన్నడక్కండి."

బుధవారం పదిన్నరకల్లా పిలుపొచ్చింది. ఆఫీసరమ్మ బల్లకి అటువైపు నిలబడి, బాబాయిని మెడ నుంచి నడుందాకా చూసింది.

"ముఖమేదండీ?"

"లోపలుందమ్మా."

"లోపలా?"

"నవ్వు లోపలుంది. షర్టు తమరిచ్చిందే. గుడ్డ మార్చలేదు, రంగు మార్చలేదు. తిరగేశాం, అంతే."

తిరగేశారో ఎదురుతిరిగారో నాకు తెలుస్తూనే ఉంది అంది ఆవిడ. పేరుకి తగ్గట్టు మంచి మడతపేచీ పెట్టారంది. అన్నిటికన్నా ఆయనకి అర్థంకానిది చివర అంది: ఇది రెండోసారి. మొదటిసారి ఏదో ఆయనకి గుర్తు రాలేదు. శుక్రవారం దాకా టైమిస్తున్నాను, అందరిలాగా ముఖం బయటికి పెట్టుకుని వస్తే సరేసరి, లేదంటే కిటికీ ఇంకొకరికిచ్చి మీరు కింద పాత ఫైళ్ళ బీరువాల గదికి వెళ్ళాల్సొస్తుంది అంది. అక్కడైతే ఏ చొక్కా వేసుకున్నా అభ్యంతరం లేదంది, చూసేవాళ్ళుండరు కనక.

బాబాయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఇరవై రెండేళ్ళలో పిలవకుండా వెనక్కి రావడం అదే మొదలు.

"అమ్మా, నా కిటికీకి వచ్చేవాడు ఒక మనిషిని పోగొట్టుకుని వస్తాడు. నేనిచ్చేది ఒక కాగితం. దానికంటే ముందు ఆయనకి నేనివ్వగలిగింది ఇస్త్రీ చొక్కా ఒక్కటే. నీ కష్టం కోసం నేను తయారై కూర్చున్నానయ్యా అని. ఇంకేం చెప్పలేనమ్మా, ఓదార్చడం మనకి ఆర్డర్లలో లేదు కదా."

ఆఫీసరమ్మ ఫైలు దగ్గరికి లాక్కుంది. ఆయన బయటికొచ్చి, మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూశాడు. గడియారాలాయన రాలేదు.

గురువారం వచ్చాడు. అదే చొక్కా కాదు గాని అదే వరసలో గుండీ తప్పింది. మరణాల కిటికీ దగ్గరికొచ్చి, ముందు బాబాయి రొమ్ము వైపు చూసి, అక్కడ చదవడానికేమీ లేదని తెలుసుకుని కూర్చున్నాడు. కవరు ముందుకి జరిపాడు.

ఆ సమయంలో ఆఫీసరమ్మ స్తంభం పక్కన, బాగుపడ్డ యంత్రం దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. బాబాయి చూశాడు. చూసి, మళ్ళీ కాగితం వైపే చూశాడు.

ఆయన పనికి ఒక పద్ధతుంది. కంప్యూటర్లో ఎక్కించేముందు వివరాలన్నీ తెల్లకాగితం మీద పెన్సిలుతో రాస్తాడు. పోయినమనిషి పేరు రాసి, కాగితం తిప్పి అవతలివాళ్ళ వైపు పెడతాడు. వాళ్ళు ఔనన్నదాకా పెన్సిలు కింద పెట్టడు. తొందరపెట్టడు. తప్పుగా రాసిన పేరు మనిషిని రెండోసారి చంపుతుందని ఆయన నమ్మకం. గడియారాలాయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించి, భార్య పేరుని అక్షరం అక్షరం చూశాడు. చక్రాలూ పళ్ళూ చూసినట్టు చూశాడు. సరిగ్గానే ఉందన్నాడు. అద్దం తీశాక కూడా కన్ను కొంచెంసేపు తెరవలేదు.

ధ్రువపత్రం బయటికొచ్చింది. బాబాయి ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఆగాడు. దాన్ని అందించేముందు ఆయన కళ్ళలోకి చూసి, తన మెడ కింది గుండీని వేలితో మెల్లిగా ముట్టుకున్నాడు. ఒక్కసారి, ఎవరికీ తెలియకుండా. గడియారాలాయన తలవంచి తన చొక్కా వైపు చూసుకున్నాడు. అక్కడే నిలబడి, పై నుంచి కింది దాకా గుండీలన్నీ విప్పి, మొదటి నుంచీ మళ్ళీ పెట్టుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళు అటువైపు చూడలేదు.

"పొద్దున ఇవన్నీ తను చూసేది" అన్నాడు.

కాగితం తీసుకుని కవర్లో పెట్టుకున్నాక ఆయన చూపు బాబాయి మెడ మీద ఆగింది. చిన్న కుట్లు కూడా ఆయన కన్ను దాటిపోవు.

"ఇది తిరగేసిన కాలరు గదూ?"

"ఔనండీ. మా ఆవిడ."

"మా ఆవిడా తిప్పేది" అన్నాడు ఆయన. ఈసారి నిజంగానే కొద్దిగా నవ్వాడు. చేతులు జోడించి, అంచులు సమానమైన చొక్కాతో గుమ్మం దాటాడు.

స్తంభం పక్కన సీసా నిండి పొర్లి, ఆఫీసరమ్మ చెప్పు తడుస్తోంది. అటెండరు వచ్చి కొళాయి కట్టేశాడు.

శుక్రవారం పొద్దున బాబాయి తిరగేసిన షర్టుతోనే బయల్దేరాడు. భార్య కాలరు సర్దింది. సంచిలో పెన్సిళ్ళు, రబ్బరు, బల్ల తుడిచే గుడ్డ పెట్టుకోవడానికి చోటుంచింది. కిటికీ ఖాళీ చెయ్యాల్సొస్తే చేతులూపుకుంటూ కిందికి పోవడం బాగుండదు కదా. ఆఫీసుకి పావుగంట ముందే వచ్చి, సొరుగు తుడిచి, తన సామానంతా సంచిలో సర్దాడు. సోమవారం నుంచి సొరుగులోనే ఉండిపోయిన గ్లాసుని కూడా రుమాల్లో చుట్టి పెట్టాడు. అక్కయ్య చూసి, జన్మలో మొదటిసారి జోకెయ్యలేదు.

పదింటికి అందరినీ హాల్లోకి పిలిచారు. ఆఫీసరమ్మ చేతిలో నాలుగు మడతలు పెట్టిన నారింజ షర్టొకటి ఉంది. జననాల కిటికీలో నవ్వు బయటికే ఉండాలని చెప్పింది, అక్కడ అది పనిచేస్తోంది కనక. మరణాల కిటికీలో తెల్లచొక్కా. ఇది ఆర్డరు, సాయంత్రానికి కాగితం వస్తుంది. తప్పుల సవరణల కిటికీ సంగతేమిటని అక్కడి గుమాస్తా అడిగాడు. అక్కడికి వచ్చినవాళ్ళకి కోపమే గాని ఏడుపూ నవ్వూ ఉండవు, నీ ఇష్టం అంది అక్కయ్య. ఆవిడ గొంతు మళ్ళీ దారిలో పడింది.

ఆఫీసరమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది.

"ఒక్క మాట మాత్రం నాకు నచ్చలేదు. ఏదైనా కావాలంటే నోటితో చెప్పచ్చు. సోమవారం నీళ్ళు లేవని పదకొండుమందీ ఖాళీ గ్లాసులు పట్టుకుని నాకు ఎదురుగా నిలబడ్డారు, ఈయన అందరికంటే ముందు నిలబడ్డారు. నీళ్ళు తెప్పించాను. రెండోరోజుకల్లా చొక్కా తిరగేశారు. నిరసన నాకు కొత్త కాదు గాని, ఇంత మౌనంగా చేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

అదన్నమాట మొదటిసారి అనుకున్నాడు బాబాయి. ఇరవై రెండేళ్ళు పేచీ లేకుండా బతికినవాడు, షర్బత్తుకని తోమిన గ్లాసు పుణ్యాన నాయకుడైపోయాడు. ఒకరి చెవి లోటు పదిమందిలో తను చెప్పడం ఆయనకి మర్యాదగా తోచలేదు.

అటెండరే ముందుకొచ్చాడు. ఆవిడ మాటలు ఈసారి కుడిచెవిలో పడ్డట్టున్నాయి. అది నిరసన కాదు మేడమ్, నా చెవి అన్నాడు. శుక్రవారం తమరు తాళం వేస్తూ చెప్పింది ఎడమవైపు నుంచి అని, టీ షర్టులన్నది తనకి టీ, షర్బత్తులని వినపడిందని, గ్లాసులు తెచ్చుకోమన్న తెలివి మాత్రం పూర్తిగా తన సొంతమని, బాబాయి ముందు నిలబడటానికి కారణం ఆయన ఎప్పుడూ వేళకి ముందే రావడమని, ఒక్కటీ దాచకుండా వరసగా చెప్పాడు. వేడి చేసినవాళ్ళకి షర్బత్తు, జలుబు చేసినవాళ్ళకి టీ అన్న ముక్క అక్కయ్య గుర్తుచేస్తే అదీ ఒప్పుకున్నాడు.

ఆఫీసరమ్మ డైరీ తెరిచి, సోమవారం పేజీ చూసుకుంది. అక్కడేం రాసుకుందో ఎవరికీ చూపించలేదు గాని, చూసుకుంటూ కుర్చీలో కూలబడి కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆవిడ నవ్వితే హాలు నవ్వింది. బాబాయి భుజాలు కూడా కదిలాయి.

"లోపలి నవ్వు బయటికొచ్చింది, పట్టుకోండి" అంది అక్కయ్య.

ఆఫీసరమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి, అటెండరుకి కుడివైపు వెళ్ళి నిలబడింది. ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతూ, పదమూడుమందికి షర్బత్తు తెమ్మంది.

మడత బాబాయి సంచి విప్పాడు. పెన్సిళ్ళ మీంచి రుమాలు తీసి, రుమాల్లోంచి గ్లాసు తీసి, దాని మీద ఒక్కసారి ఆవిరూది తుడిచాడు.